పాత మనుషులతో కొత్త ఆట

అతను పోయి నెల కావస్తోంది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే అతని గురించి మంచి చెప్పాలంటే నా గురించి చెడు చెప్పుకోవాలి. ఇన్నాళ్ళూ ఊరుకున్నది అందుకే.

ముందు మనిషి ఎలా ఉండేవాడో చెబుతాను. బక్కపలచగా, మొహానికి మించిన కళ్ళజోడుతో ఉండేవాడు. ఎడమ చేతిమీద డయాలిసిస్ సూదులు గుచ్చే నరం, ఫిస్టులా, తాడులా ఉబ్బి ఉండేది. ఆ చెయ్యి మిషనుకి అప్పజెప్పేసి, మాట్లాడడమంతా కుడిచేత్తో చేసేవాడు. కొండని చూపించాలంటే అరచెయ్యి పైకి లేచేది, పడవని చూపించాలంటే దుప్పటి మీద నెమ్మదిగా జారేది. మిషనెక్కే ముందు బరువు చూస్తారు కదా, అందరూ ఆ అంకె చూసి మొహం వేలాడేసుకుంటే, ఇతను మాత్రం పరీక్షలో మార్కులు వచ్చినట్టు గట్టిగా చదివేవాడు. నీళ్ళు ఎక్కువ తాగిన రోజు ఇంకా గట్టిగా చదివేవాడు. నర్సమ్మ కోప్పడితే తప్పు ఒప్పుకుని, మర్నాడు మళ్ళీ అదే తప్పు చేసేవాడు.

మా అప్పకి, అంటే మా అక్కకి, కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ అయ్యో అనరు, వారానికి ఎన్నిసార్లు అని అడుగుతారు. మూడుసార్లు. పలాసలో డయాలిసిస్, పొద్దున్నే మొదటి షిఫ్టు. ఆ గదిలో ఐదు మంచాలు. మా అప్పది మూడోది, అతనిది కిటికీ పక్కన ఐదోది. కాశీబుగ్గలో నాకు జెరాక్స్ షాపుంది. అప్పని మిషనెక్కించి, పక్కన కూర్చుని, ఆవిడ దిగాక ఇంట్లో వదిలి షాపు తెరిచేవాణ్ణి. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. అందుకే అతని ఆటకి నేను నౌకరునయ్యాను.

ఆటంటే చీట్లపేక కాదు, చదరంగం కాదు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు కథలో తలా ఒక మనిషి అవుతారు. మీరు కొండ దిగారు, ఎదురుగా రెండు దారులున్నాయి, ఏం చేస్తారు అని అతను అడుగుతాడు. ఏం చేస్తారో వాళ్ళు చెబుతారు. అది జరుగుతుందో లేదో పాచిక చెబుతుంది. ఇరవై ముఖాల పాచిక. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసే రోజుల్లో, తోటివాళ్ళతో శనివారాలు బల్ల చుట్టూ కూర్చుని మ్యాపులు పరుచుకుని ఆడేవాడట. కిడ్నీలు పోయి ఊరికి వచ్చేటప్పుడు పాచికా, ఆటా రెండూ వెంట తెచ్చుకున్నాడు. ఇక్కడ బల్ల లేదు, మ్యాపు పరిచే చోటు లేదు, ఆడేవాళ్ళకి ఒక చెయ్యి లేదు. కాబట్టి పాచికని క్యారేజీ మూతలో వేసుకుని మంచం మంచానికీ తిరగడం నా పని. ఎవరి వంతు వస్తే వాళ్ళు మంచి చేత్తో మూతలో వేసేవారు. అది గిరగిరా తిరిగి ఆగేదాకా ఐదు మంచాలూ ఊపిరి బిగబట్టేవి.

మొదట్లో మా అప్ప చిన్నపిల్లల ఆటలని మూతి విరిచింది. మూడో రోజున, ఎవరూ అడక్కుండానే, ఆ రెండో దారంట నేను ఎల్తానని చెప్పెయ్ అంది నాతో. ఆ దారిలో పులి ఉందని అందరికీ తెలుసు. అప్ప ఇంట్లో బల్లిని చూస్తే కేకేసే మనిషి.

అతని ఆటలో దాహం లేదు. ఈ సంగతి బయటివాళ్ళకి అర్థం కాదు. రోజుకి ఇన్ని గుక్కలని కొలుచుకుని, నాలుక పిడచకట్టుకుపోతే ఐసుముక్క చప్పరించి బతికేవాళ్ళకి అతను ప్రతి రోజూ ఆట మొదట్లో నీళ్ళు పోసేవాడు. నూతిలోంచి బిందె పైకొచ్చింది, చల్లగా ఉంది, ముందు తాగండి అనేవాడు. ఎవరు ఎన్ని చెంబులు తాగారో అడిగి నోటుబుక్కులో రాసుకునేవాడు. మా అప్ప రెండు చెంబులు తాగానని చెప్పి, కాసేపు కళ్ళు మూసుకునేది. డాక్టరు ఒకసారి గుమ్మంలో నిలబడి ఇది విన్నాడు. చెంబుల లెక్క పూర్తయ్యేదాకా ఉండి వెళ్ళిపోయాడు.

కత్తియుద్ధాలన్నీ మిషనెక్కిన నాలుగో గంటకి పెట్టేవాడు. ఆ గంటలో పిక్కలు పట్టేస్తాయి, ఒళ్ళు తిమ్మిరెక్కుతుంది. నొప్పితో అరవబోయిన మనిషి, తన మీదికి కత్తి దిగుతోందంటే ముందు ఢాలు ఎత్తాలి కదా. అందుకని నొప్పిని కాసేపు ఆపుకునేవారు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి, అతను కొత్త లోకం ఎప్పుడూ కట్టలేదు. ఒక కథ అయిపోతే ఇంకోటి మొదలుపెట్టేవాడు, కానీ ఊళ్ళు అవే, కొండా రేవూ అవే. మన తీరం లాంటి తీరమే, సముద్రాన్ని మాత్రం పడమటికి మార్చాడు. మొదటి కథలో వీళ్ళు తాటిదూలాలతో వాగు మీద వంతెన వేశారు. ముప్పై ఏళ్ళ తర్వాత జరిగే రెండో కథలో అది రాతివంతెన అయింది, దాని పక్కన ఒక సంత వెలిసింది. రెండో మంచం సింహాచలం రిటైరైన బస్సు కండక్టరు. మొదటి కథలో తొందరపడి ఒక ఊరి ధాన్యపు గాదె తగలబెట్టాడు. రెండో కథలో ముసలివాడై అదే ఊరికి వెళితే ఒక్క ఇల్లు తలుపు తియ్యలేదు. కథలో మనిషి కాదు, నిజం సింహాచలం వారం రోజులు సిగ్గుతో తలెత్తలేదు.

నేనొకసారి అడిగాను, పాత సరుకే మళ్ళీ మళ్ళీ ఎందుకని. కొబ్బరిచెట్టులో పారేసేది ఏదైనా ఉందా అన్నాడు. తర్వాత కుడిచెయ్యి ఎత్తి, "కొత్తిల్లు ఎవుడైనా కడతాడు బావా. కట్టినదాన్లో మళ్ళీ కాపరం సెయ్యాల, కస్టమంతా దాన్లోనే ఉంది" అన్నాడు.

కథ మారినా ఎవరి పాత్ర వాళ్ళతోనే ఉండేది. జుట్టు నెరిసి, మోకాళ్ళు నొప్పెట్టి, వాళ్ళతోపాటే ముందుకి వచ్చేది. ఆడే మనిషి పోతేనే, ఆ పాత్ర వివరాలు రాసుకున్న కాగితం అతని నోటుబుక్కులోకి మారేది. అప్పుడు కూడా పాత్రని చంపేవాడు కాదు. తర్వాతి కథలో ఎక్కడో ఒక మూల కాపరం పెట్టించేవాడు. ఒకటో మంచం ముసలాయన కథలో దొంగ. పనసకాయ కనబడితే చెయ్యి ఆగేది కాదు. ఆయన పోయాక మొదలైన కథలో వీళ్ళందరూ సంతకి వెళ్ళారు. మా అప్ప సంచిలో పనసకాయ మాయమైంది. వెనక్కి చూస్తే ఎవరో ముసలాయన పంచె ఎగ్గట్టి పరిగెడుతున్నాడు. గదంతా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఒకటో మంచంలోకి కొత్తగా వచ్చిన ఆవిడ ఏమీ అర్థంకాక నావంక చూసింది.

దానికి అతను కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాడు. పోయినవాళ్ళ చేత ఎక్కువ మాట్లాడించకూడదు. వాళ్ళు బతికుండగా చెయ్యని పని వాళ్ళ చేత చేయించకూడదు. ఒకసారి పోయినవాణ్ణి మళ్ళీ చంపకూడదు. ఆ చివరిది మాత్రం ఎంత మంది బతిమాలినా తప్పేవాడు కాదు. దొంగ ముసలాయన మూడు కథల్లో మూడుసార్లు పట్టుబడి మూడుసార్లూ పారిపోయాడు.

ఇక్కడ మా గది అలవాటు ఒకటి చెప్పాలి. అక్కడ ఎవరూ ఎవరి గురించీ అడగరు. మంచం మూడు టర్నులు ఖాళీగా ఉండి, నాలుగోసారి వేరే మనిషి పడుకుంటే, అర్థమైనవాళ్ళకి అర్థమైనట్టే. పేరెత్తరు. రేపు తమ మంచం సంగతి కూడా అంతే అని తెలుసు గనక, అడిగి తెలుసుకోవాలని ఎవరికీ ఉండదు. అతనూ ఆఫీసు దగ్గరికి వెళ్ళి అడిగేవాడు కాదు, అడగడానికి గొంతు రాదనేవాడు. కానీ పాత్రని మార్చే ముందు ఖాయంగా తెలియాలి కదా. కనుక్కో బావా అని నాకు చెప్పేవాడు. నేను ఆ ఇంటికి ఫోను చేసో, ఎవరినైనా కలిసో కనుక్కుని అతనికొక్కడికే చెప్పేవాణ్ణి. పాచిక మోయడం కాక, ఆటలో నాకున్న రెండో ఉద్యోగం అదే.

దాలయ్యది నాలుగో మంచం. సోంపేట అవతల సముద్రం ఒడ్డు ఊరు, వేట మానేసి నాలుగేళ్ళయింది. జీవితమంతా నీళ్ళలో నానిన మనిషి కాబట్టి కథలో పొడినేల మీద బతుకు కావాలన్నాడు. గుర్రం మీద ఊరూరా తిరిగే తపాలావాడయ్యాడు. గుర్రాన్ని నిజంగా ఎప్పుడూ ఎక్కలేదట. ఏ ఊరు చేరినా, దొంగలు తరుముతున్నా, ముందు గుర్రానికి గడ్డి వేశాకే మిగతా పని అనేవాడు. దానివల్ల రెండుసార్లు అందరూ చిక్కుల్లో పడ్డారు. సింహాచలం తిట్టేవాడు. దాలయ్య వినేవాడు కాదు.

ఒక వేసవిలో నాలుగో మంచం ఖాళీ అయింది. మూడు టర్నులు చూశాక కొత్త కుర్రాడు పడుకున్నాడు. ఐదో మంచం నుంచి అతను నన్ను పిలిచి, చిన్న గొంతుతో కనుక్కోమన్నాడు. అవి కాలేజీ అడ్మిషన్ల రోజులు. నా షాపు ముందు సర్టిఫికెట్లు పట్టుకుని జనం రోడ్డు దాకా నిలబడేవారు. రెండు రోజులు మర్చిపోయాను. మూడో రోజు అతను కళ్ళతోనే అడిగితే, మర్చిపోయానని చెప్పడానికి చిన్నతనమేసింది. ఇంటికి ఫోను చేశాను, పోయాడని చెప్పారు అన్నాను. ఫోను చెయ్యలేదు. కొత్త కుర్రాణ్ణి చూసి నేను ఊహించుకున్నదే చెప్పాను. ఆ గదిలో అందరూ ఎలా ఊహించుకుంటారో అలాగే. అతను కళ్ళజోడు తీసి తుడుచుకుని, నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు.

కొత్త కథ మొదలైన రోజు నాకింకా గుర్తుంది. నీళ్ళు తాగడాలయ్యాయి. వాన పడుతోంది, దూరంగా సత్రం దీపం కనబడుతోంది అని అతను చెప్పాడు. "సత్రం ముందర ఒక ముసిలోడు. వానలో తడుత్తన్నాడు. ఆడు మాత్రం ముందు గుర్రానికి గడ్డేత్తన్నాడు" అన్నాడు. మా అప్ప మొహం గోడవైపు తిప్పుకుంది. సింహాచలం, గడ్డి నేనేత్తాను, నువ్వు లోపలికి ఎల్లు అన్నాడు ఆ ముసలాడితో. పాచిక వెయ్యమని అతను అడగలేదు.

మా అప్ప మర్నాడే పరామర్శకి వెళ్ళింది. పక్కింటావిణ్ణి తోడు తీసుకుని, ఆటో మాట్లాడుకుని సోంపేట మీదుగా ఆ ఊరు చేరింది. గుమ్మం ముందు నిలబడి, వెళ్ళినవాళ్ళు ఏడవాల్సిన తీరులో దాలయ్య పేరు పెట్టి ఏడుపు ఎత్తుకుంది. పెరట్లో వల బాగుచేసుకుంటున్న దాలయ్య లేచి వచ్చాడు. సోంపేటలో మంచం దొరికితే దగ్గరని అక్కడికి మారాడట, అంతే. ఇద్దరూ ముందు తెల్లబోయి, తర్వాత పడీపడీ నవ్వుకున్నారట. ఆ నవ్వులో మా అప్ప మొత్తం చెప్పేసింది. సత్రం, వాన, గడ్డి, అన్నీ.

ఆ ఆట కట్టుబాట్లు దాలయ్యకి బాగా తెలుసు. పనస దొంగ ఎప్పుడు సంతలోకి వచ్చాడో తెలుసు. మా అప్ప ఆటో ఎక్కేదాకా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాతి టర్నుకి సోంపేట వెళ్ళలేదు. ఆ తర్వాతి దానికీ వెళ్ళలేదు. తనని పోయినవాళ్ళలో చేర్చేశారు, ఇంక మిషనెందుకు అన్నాడని వాళ్ళావిడ మా అప్పకి ఫోనులో ఏడుస్తూ చెప్పింది.

ఆ సంగతి విన్న రోజు అతను మిషను దిగి, దాలయ్య ఊరికి నన్ను తనతో రమ్మన్నాడు. ఆటోలో వెళ్ళాం. దారంతా జీడితోటలు. ఫోను చేశావు కదా అని నన్ను అడగలేదు. అడిగితే బాగుండునని ఒకపక్క, అడక్కూడదని ఒకపక్క అనుకుంటూ కూర్చున్నాను. అడగనక్కర్లేకుండానే అతనికి తెలిసిపోయిందని ఇప్పుడు నా నమ్మకం.

దాలయ్య సరుగుడు చెట్ల కింద వల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళు దిమ్మెల్లా ఉబ్బాయి. మాటకీ మాటకీ మధ్య ఎగశ్వాస. వాళ్ళావిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. అతను వెళ్ళి ఇసకలో ఎదురుగా కూర్చున్నాడు.

"నాను పోనానని నీకు ఎవులు సెప్పినారు బాబూ?" అన్నాడు దాలయ్య.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోపు అతను అన్నాడు: "ఎవులూ సెప్పనేదు. నానే అనీసుకున్నాను."

"అనీసుకున్నావు. అనీసుకుని గుర్రానికి గడ్డేయించీసినావు." దాలయ్య సముద్రం వైపు చూశాడు. "మరి నన్నక్కణ్ణుంచి తీసీ."

అతను నోటుబుక్కు తీశాడు. అన్నేళ్ళలో ఒక్క కాగితం చింపని మనిషి, గీతలు కూడా స్కేలు పెట్టి కొట్టే మనిషి, ఆ పేజీ చింపి దాలయ్య చేతిలో పెట్టాడు. ఇంకెప్పుడూ నిన్నక్కడ పెట్టనని ఒట్టేశాడు. దాలయ్య ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి మొలలో దోపుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మిషనెక్కుతానని ఒప్పుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను ఏదో అనబోయాను. అతను నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "ఊరుకో బావా. నన్నైతే నాలుగు రోజులు తిట్టుకుని ఒగ్గెత్తారు. నువ్వైతే ఆ గదిలోనే మీ అప్ప పక్కన కూకోవాల కదా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దానికన్నా ఎక్కువగా హాయి అనిపించింది. ఆ హాయిని తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

దాలయ్య మిషనైతే ఎక్కాడు గానీ, అప్పటికే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. రెండు వారాలకి పోయాడు. గుండె ముందునుంచే నీరసంగా ఉంది, టర్నులు మానకపోయినా ఎన్నాళ్ళుండేవాడో చెప్పలేమని డాక్టరన్నాడు. ఆ మాట పట్టుకుని నిద్రపోదామని చాలాసార్లు చూశాను. డాక్టరు చెప్పలేమన్నాడే తప్ప, ఉండడని చెప్పలేదు.

పదో రోజున అతను దాలయ్య ఇంటికి వెళ్ళాడు. వాళ్ళావిడ గుమ్మంలోకి రానివ్వలేదు. నా మొగుడు బతికుండగానే పిండం పెట్టీసినావని అందట. అతను ఎండలో కాసేపు నిలబడి తిరిగొచ్చాడు. ఇది అతను చెప్పలేదు, ఆటోవాడు చెప్పాడు.

గదిలో మా అప్పే ముందు మొదలుపెట్టింది. దాలయ్యకి ఆ కబురు మోసుకెళ్ళింది తనే. ఆ బరువు ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. మిషను మీద పడుకునే, ఐదో మంచం వైపు చూడకుండా, "నీ ఆట మడిసిని మింగీసింది బాబూ" అంది. నేను ఆవిడ తలగడ సర్దుతున్నాను. అతను నావంక ఒకే ఒక్కసారి చూశాడు. ఆ చూపులో అడగడం లేదు, ఎత్తిపొడుపు లేదు. చెప్పకు అన్నట్టే ఉంది. నేను తలగడ సర్దడం పూర్తి చేసి, షాపుకి టైమైందని బయటికి నడిచాను. ఆవిడ దిగే వేళకి మళ్ళీ వచ్చాను.

తర్వాత ఏడాదిపైన బతికాడు. ఆట ఆగిపోలేదు గానీ చిక్కిపోయింది. ఒకటో మంచం ఆవిడా, కొత్త కుర్రాడూ మాత్రం ఆడేవారు. సింహాచలం వినీ విననట్టు పడుకునేవాడు. మా అప్ప చెవుల్లో దూది పెట్టుకునేది. అయినా అతను రోజూ ఆట మొదట్లో నూతి దగ్గర నీళ్ళు అందరికీ పోసేవాడు. మా అప్ప వంతు వచ్చినప్పుడు ఆవిణ్ణి అడక్కుండా రెండు చెంబులని రాసుకునేవాడు. ఆ కథలో ఎక్కడో ఒక సత్రం ముందు రాట ఉండేది, గుర్రం కట్టే రాట. దానికి గుర్రం ఉండేది కాదు. కొత్త కుర్రాడు ఎందుకు ఖాళీగా ఉందని అడిగితే, ఉండనీలే అని ముందుకి నడిపించేవాడు.

మూడు వారాలపాటు జ్వరంతో మంచానపడి, ఇంట్లోనే పోయాడు. ఈసారి నేను ఫోను చేసి, వాళ్ళింటికి వెళ్ళి, మొహం చూసి వచ్చి మరీ గదిలో చెప్పాను. ఎందుకంత వివరంగా చెబుతున్నానో వాళ్ళకి తెలియలేదు.

కర్మలయ్యాక అతని భార్య నోటుబుక్కులన్నీ బియ్యం సంచిలో వేసి నా షాపులో దింపింది. పదకొండు ఉన్నాయి. నేను వాటిని గదికి పట్టుకెళ్ళాను. పుస్తకాలు చూసేసరికి సింహాచలానికి ప్రాణం లేచొచ్చింది. అక్షరమొచ్చినవాణ్ణి, టిక్కెట్లు కొట్టి లక్షమందితో మాట్లాడినవాణ్ణి, నేను నడుపుతానన్నాడు. అదే రేవు, అవే ఊళ్ళు, ఇంకో ఇరవై ఏళ్ళ తర్వాత. మొదట తేల్చుకోవాల్సింది ఒకటే. ఐదో మంచం ఆయన్ని ఎక్కడ పెట్టాలి? కథ నడిపే మనిషికి పాత్ర ఉండదు, అతనికి కాగితమే లేదు. సత్రం నడిపేవాడిగా పెడదామని సింహాచలం అన్నాడు.

"పెట్టొద్దు" అంది అప్ప. చెవుల్లో దూది ఎప్పుడు తీసిందో నేను చూడలేదు. "బతికున్నోడిని సచ్చినోళ్ళలో కలిపీసినోడికి అక్కడ సోటేటి? దాలయ్యకే నేదు, ఈయనకెందుకు?"

సింహాచలం తల వంచుకుని సరేనన్నాడు. అతను కట్టిన ఊళ్ళలో, అంతమందికి కాపరం పెట్టించిన ఊళ్ళలో, అతనొక్కడికి చోటు లేకుండా పోతోంది. అది నావల్ల. ఒక్క అబద్ధం తర్వాత ఏడాదిపైగా నోరు మూసుకున్నవాణ్ణి, అక్కడ మాత్రం ఆగలేకపోయాను. అడ్మిషన్ల రోజులూ, చెయ్యని ఫోనూ, సరుగుడు చెట్ల కింద అతను నా బదులు ఒప్పుకున్నదీ, అన్నీ చెప్పేశాను. నాలుగు మంచాలకీ వినపడేలా చెప్పాను.

మిషను కూత పెడితే నర్సమ్మ వచ్చి సరిచేసి వెళ్ళింది. "ఆ బాబుని నాసేత ఇన్నాళ్ళు తిట్టించినావురా" అంది అప్ప. తర్వాత ఏడ్చింది. ఏడుపు ఆగాక నావైపు తిరిగింది.

"దాలయ్య పెళ్ళానికి సెప్పి రా. ఆవిడికి సెప్పినాకే ఆయన్ని పెడతాం."

మొదటిసారి సోంపేటలో బస్సు దిగి, టీ తాగి, మళ్ళీ బస్సెక్కి వచ్చేశాను. రెండోసారి ఊళ్ళోకి వెళ్ళాను. ఆవిడ ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది. ఏటి బావు, ఇలగొచ్చినావు అని నవ్వుతూ పలకరించింది. మీ అప్పెలగుంది అని అడిగింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్ళు తాగి, ఎండుచేపలు కొనుక్కుని వచ్చాను. ఉప్పు తినకూడని డయాలిసిస్ మనిషి ఇంటికి ఉప్పుచేపలు తెచ్చినవాణ్ణి మా అప్ప ఒకసారి చూసింది. పొట్లాం తీసుకెళ్ళి పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది.

సింహాచలం కొత్త నోటుబుక్కుకి అట్ట వేసి పెట్టుకున్నాడు. మొదలెట్టమని కుర్రాడు అడిగితే, ఆయన్ని పెట్టకుండా ఎలగ మొదలెడతామురా అంటున్నాడు. నిన్న మిషనెక్కే ముందు బరువు చూస్తే సింహాచలం నాలుగు కేజీలు పెరిగాడు, ఒంట్లో నీరు చేరి ఆయాసపడుతున్నాడు. అప్ప నావంక చూసి, ఎల్లినావా అని అడిగింది. రేపెళ్తానన్నాను. ఆ గదిలో రేపనే మాట ఎవరూ అనరు, నేనన్నాను.